మాలగాలో ఐదు గంటలు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు పక్క సందులో ఉండే అప్పలస్వామి కుటుంబానికి తాము మహా తెలివైనవాళ్ళమని గట్టి నమ్మకం. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనలేదు. అందుకని వాళ్ళే రోజుకోసారి అనుకునేవారు.

"మనింట్లో ఎవరికీ ఒక మాట రెండోసారి చెప్పక్కర్లేదే," అనేవాడు అప్పలస్వామి పొద్దున్నే కాఫీ తాగుతూ.

"చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం గదా," అనేది భార్య వరహాలమ్మ.

"చెప్పకపోయినా చేసేస్తాం వదినా!" అనేవాడు తమ్ముడు సన్యాసి.

ఇంత తెలివి ఒక్క సందులోనే ఉండిపోతే ఎలా అని ముగ్గురూ ఓడ ప్రయాణం కట్టారు. ఇరవయ్యో రోజు పొద్దున్న ఆ ఓడ స్పెయిన్ దేశంలో మాలగా అనే రేవులో ఆగింది.

తెలుగువాళ్ళకి ఊరు చూపించడానికి రేవులో హైమ అనే అమ్మాయి నిలబడి ఉంది. విజయనగరం పిల్ల, అక్కడే చదువుకుని అక్కడే గైడుగా స్థిరపడింది. అందరూ ఆమె వెనకాల వరస కట్టారు. అప్పలస్వామికి అది నామోషీ అనిపించింది.

"మాకు దారి చూపించే మనిషి అక్కర్లేదమ్మా. ఏం చెయ్యాలో ఒక్కసారి చెప్పు, చాలు," అన్నాడు.

"సరే బాబాయి గారూ. ముందు కొండమీద కోటకెళ్ళండి. దాన్ని చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. మధ్యాహ్నం ఊరంతా పడుకుంటుంది. తిండి విషయంలో ఇక్కడి పద్ధతి వేరు, ఒకచోటే కూర్చోరు. ఈ హోటల్లో రెండు ప్లేట్లు, ఆ హోటల్లో రెండు ప్లేట్లు తింటూ పోతారు. ఇంకొక్కటి. ఐదు గంటలు కొట్టేసరికి ఓడ దగ్గరుండాలి. ఆ తర్వాత ఓడ ఆగదు," అంది హైమ. తన ఫోన్ నంబరు ఇచ్చి, ఆయనది కూడా తీసుకుంది.

ముగ్గురూ కోట గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయారు.

"రెండు కళ్ళు చాలవంది గదా, మరెలా?" అంది వరహాలమ్మ.

అప్పలస్వామి బుర్ర గోక్కున్నాడు. "నీవి రెండు, నావి రెండు. కలిపితే నాలుగు. సరిపోవూ?"

"మరి నాకో, అన్నియ్యా?"

"నీకు కళ్ళజోడుంది గదరా! నువ్వు పుట్టు నాలుక్కళ్ళోడివి."

అంతే. మొగుడూ పెళ్ళాం చెంపకి చెంప ఆనించుకుని కోట ఎక్కడం మొదలుపెట్టారు. ఆమె ఎడమకి తిరిగితే ఆయనా ఎడమకి తిరగాలి. ఆయన తుమ్మితే ఆమె తల కూడా ఊగింది. రెండు మెట్లు తడబడ్డారు, ఒక గోడకి గుద్దుకున్నారు, అయినా చెంపలు విడదియ్యలేదు. మిగతా యాత్రికులు చూశారు. ఇదేదో ఇక్కడ కొత్త ఫ్యాషన్ కాబోలనుకుని వాళ్ళూ చెంపలు ఆనించి ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. అరగంటలో కోటంతా చెంపల జంటలే! కోటని చూసేవాడు ఒక్కడు లేడు.

"చూశావటే, మన తెలివి అప్పుడే పాకేసింది," అన్నాడు అప్పలస్వామి పొంగిపోయి.

కిందికి దిగేసరికి మధ్యాహ్నం అయింది. దుకాణాలన్నీ మూసేసి ఉన్నాయి. ఇంకేముంది, ఊరు పడుకుంది!

"చప్పుడుకి ఊరు లేస్తుందేమో, చెప్పులు తియ్యండి," అని గుసగుసలాడాడు అప్పలస్వామి.

జూలై ఎండకి రాళ్ళ వీధి పెనంలా కాలుతోంది. ముగ్గురూ చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద గెంతుకుంటూ నడిచారు. కాలు కాలిందని అరవడానికి లేదు, ఊరు లేస్తుంది. వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సన్యాసి ఓ మోటారు సైకిలు వాడికి అడ్డం పడి, వేలు నోటి మీద పెట్టి "ష్ష్ష్" అన్నాడు. తర్వాత నాలుగు రోడ్ల మధ్య ఫౌంటెను చప్పుడు చేస్తోందని దాని గొట్టం అరచేత్తో మూసి కూర్చున్నాడు. నీళ్ళు పక్కకి చిమ్మి, పిల్లని ఎత్తుకుని పోతున్న ఒకావిడ నిలువునా తడిసిపోయింది. ఆవిడ తిట్టిన తిట్లకి నిజంగా పడుకున్నవాళ్ళు కూడా లేచారు.

అక్కణ్ణించి పరుగున వెళ్ళి తెరిచి ఉన్న హోటల్లో దూరారు. కుర్రాడు చిన్న చిన్న ప్లేట్లలో ఆలివు కాయలూ, బంగాళాదుంప అట్టూ తెచ్చిపెట్టాడు. అప్పలస్వామి అట్టుని జాగ్రత్తగా పక్కకి తోసేసి, మట్టి ప్లేటు ఎత్తి అంచు కొరికాడు.

"ఎలాగుందన్నియ్యా?"

"గట్టిగా ఉందిరా. ఉప్పు కూడా తక్కువ."

సన్యాసి ఇంకా గట్టిగా కొరికాడు. టప్పున పన్ను ఊడి ఆలివుల్లో పడింది. హోటలు కుర్రాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇంకో హోటల్లో రెండు తినమంది గదా, అక్కడ మెత్తగా వండుతారేమో," అంది వరహాలమ్మ. ఆమె మాట నిజమైంది. రెండో హోటల్లో కాగితం ప్లేట్లు పెట్టారు. ముగ్గురూ ఇష్టంగా తిని, ఎలా చేస్తారో కనుక్కోవాలనుకున్నారు గానీ భాష రాదాయె.

కడుపు నిండాక అప్పలస్వామికి గుర్తొచ్చింది. "ఒరే, ఐదు గంటలు కొట్టాలి గదరా! ఇంకా ఒక్కటీ కొట్టలేదు!"

అంతే, గంటల వేటలో పడ్డారు. గోడకి ఆనించిన సైకిలు గంట సన్యాసి కొట్టాడు. ఒకటి. లాడ్జి బల్లమీద ఉన్న గంట వరహాలమ్మ టింగుమనిపించింది. రెండు. అప్పలస్వామి ఒక ఇంటి తలుపు గంట నొక్కాడు. నిద్ర కళ్ళతో ముసలాయన వచ్చి తలుపు తీస్తే, "పడుకోండి, పడుకోండి, మా పని అయిపోయింది," అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మూడు. చిన్న చర్చిలో ఒక చేతిగంట కనిపిస్తే ఊపాడు. కూర్చున్న భక్తులందరూ గబుక్కున లేచి నిలబడ్డారు. నాలుగు.

"చాలు," అన్నాడు అప్పలస్వామి. "ఐదోది మన చేతిలో ఉంది. మనం కొడితేనే గదా ఓడ కదిలేది! కంగారేముంది?"

ముగ్గురూ సముద్రపొడ్డున కూర్చుని కాల్చిన చేపలు తెప్పించుకున్నారు. అప్పలస్వామికి అంత హాయి ఎప్పుడూ కలగలేదు. అంత పెద్ద ఓడ, అందులో అంతమంది జనం, అందరూ తన ఒక్క గంట కోసం ఎదురుచూస్తున్నారు!

ఇంతలో ఊళ్ళో పెద్ద చర్చి గంట మోగింది. సన్యాసి వేళ్ళమీద లెక్కపెట్టాడు. "ఐదు కొట్టాడన్నియ్యా! మనవి నాలుగు, వాడివి ఐదు, మొత్తం తొమ్మిది!"

"ఓలమ్మో, నాలుగు ఎక్కువైపోయాయే!" అని వరహాలమ్మ గుండె బాదుకుంది. "ఇప్పుడు వెనక్కి ఎలా తీస్తాం?"

ఎక్కువైన నాలుగూ ఎవరివన్న దాని మీద అన్నదమ్ములు అరగంట పోట్లాడుకున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. హైమ!

"ఎక్కడున్నారు బాబాయి గారూ? తాళ్ళు విప్పేస్తున్నారు! పరిగెత్తుకొచ్చి ఓడ పట్టుకోండి!"

పడుతూ లేస్తూ రేవుకొచ్చారు. ఎక్కే మెట్లు ఇంకా తియ్యలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. కానీ అప్పలస్వామి ఆ వైపు చూస్తేనా! అప్పుడే విప్పిన లావుపాటి తాడు మీద పడి, "పట్టుకోండర్రా!" అని అరిచాడు. ముగ్గురూ మడమలు తన్నిపెట్టి లాగారు.

"తాడు కాదు! మెట్లు! మెట్లు!" అని హైమ గొంతు చించుకుంది.

"మెట్లు కూడానా? ముందు ఓడని పట్టుకోనీ తల్లీ!" అన్నాడు అప్పలస్వామి రొప్పుతూ.

మెట్లు లేచిపోయాయి. ఓడ కదిలింది. దాంతోపాటు తాడూ కదిలింది, తాడుతోపాటు ముగ్గురూ కదిలి దభీమని నీళ్ళలో పడ్డారు. రేవు పనివాళ్ళు కొక్కేలతో లాగి గట్టున పడేశారు.

హైమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓడ పోయింది బాబాయి గారూ. ఇక్కడే కూర్చోండి, ఆఫీసుకి ఫోన్ చేసొస్తాను," అని వెళ్ళింది.

అప్పలస్వామి పోతున్న ఓడ వైపు చేతులు చాచాడు. పెట్టెలూ, బట్టలూ, ఆవకాయ జాడీ అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ తెలివైనవాడు ఏడుస్తూ కూర్చోడు గదా! "పోయిందంటే వెతికించాలి. పదండి పోలీసుల దగ్గరికి," అన్నాడు.

పోలీసు చౌకీ రేవులోనే ఉంది. అక్కడి అధికారి తన ఫోన్‌ని తెలుగు మాట్లాడేలా పెట్టి, ఏం పోయిందని అడిగాడు.

"ఓడండి."

"గుర్తులు?"

"తెల్లగా ఉంటాదండి. పొడుగ్గా. పైన ఈతకొలను ఉంటాది," అంది వరహాలమ్మ.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఇప్పుడే. మా చేతుల్లోనే ఉందండి, జారిపోయింది," అన్నాడు సన్యాసి పన్ను లేని నోటితో.

అధికారి వాళ్ళని ఎగాదిగా చూశాడు. లేచి కిటికీ తీసి, సముద్రంలో దూరంగా తెల్లగా పోతున్నదాన్ని వేలితో చూపించాడు. "అదేనా?"

"అదే! అదేనండీ!" అని ముగ్గురూ ఎగిరి గంతేశారు. అప్పలస్వామి ఆయన రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. బల్లమీద కాగితం లాక్కుని, 'పోయిన ఓడ దొరికినది' అని తెలుగులో రాసి, కింద సంతకం పెట్టి, తమ్ముడి చేతా పెళ్ళాం చేతా కూడా పెట్టించాడు.

"ఎంత చురుకైన పోలీసులే!" అన్నాడు బయటికొస్తూ. "ఐదు నిమిషాల్లో పట్టిచ్చేశారు!"

ముగ్గురూ తడిబట్టలతోనే, హైమకి ఆ చల్లని కబురు చెప్పడానికి నవ్వుకుంటూ బయల్దేరారు.