నల్లగుట్ట రాతితొండలు

అనగనగా, రాళ్ళు తప్ప మరేదీ విరివిగా దొరకని ఒక సీమలో నల్లగుట్ట అనే కోట ఉండేది. కోటంతా ఒకే బండ. పైన రాజుగారి నగరు, కింద అదే బండలో తొలిచిన చెరసాల.

ఆ కోటను మాచభూపాలుడు ఏలేవాడు. చెడ్డ రాజు కాడు. అయితే తనదైన ప్రతిదాన్నీ రోజూ కళ్ళారా చూసుకోవాలి. చూడనిదాన్ని నమ్మేవాడు కాదు.

ఒకసారి ఓడ వర్తకులు సముద్రం అవతలి ఎడారి నుంచి ఆయనకు రాతితొండలను కానుకగా తెచ్చారు. మూరెడు పొడవు, మట్టిరంగు. పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్న పిల్లల్లాగా ఒంటి మీద చర్మం వదులుగా వేలాడేది. అవి పురుగులను ముట్టవు. ఆకులు, పూలు తింటాయి. పొద్దంతా కాలే బండ మీద పడుకుంటాయి. అలికిడైతే రాతి పగుల్లో దూరి, గాలి పీల్చి ఒళ్ళు ఉబ్బించుకుంటాయి. ఇక ఎవరు లాగినా రావు.

వీటి పిల్లలు తన కోటలోనే పుట్టాలని రాజు కోరుకున్నాడు. నగరు వెనక బండ మీద వాటికి చోటు చేసి, వాటిని సాకే పని ఓబన్న అనే మనిషికి అప్పగించారు.

ఎండలున్నన్నాళ్ళూ బాగానే జరిగింది. చలి మొదలవగానే తొండలు పగుళ్ళలోకి పోయాయి. రాజు రోజూ వచ్చి వట్టి బండను చూసి వెళ్ళేవాడు. విసుగొచ్చి, కుంపట్లు పెట్టి వాటిని బయటికి రప్పించమన్నాడు. ఓబన్న పెట్టాడు. వెచ్చదనానికి తొండలు వచ్చాయి. చలికాలమంతా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వేసవి వచ్చేసరికి ఎండుటాకుల్లా తేలికైపోయి, ఒక్క గుడ్డయినా పెట్టకుండా ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి.

ఆజ్ఞ రాజుది. చేయి ఓబన్నది. శిక్ష చేతికే పడింది. ఓబన్నను కింది చెరసాలలో ఒక చీకటికొట్లో వేశారు. దాని నేల ఇసుక. గోడలో ఒక పగులు పైదాకా పోతుంది. అందులోంచి గాలి వస్తుంది, వెలుతురు రాదు.

వర్తకులు మళ్ళీ రాతితొండలను తెచ్చినప్పుడు, సాకడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఓబన్న చెల్లెలు సిద్ధమ్మ వచ్చింది. పిల్లలు పుడితే తన అన్నను వదలాలని అడిగింది. రాజు ఒప్పుకున్నాడు.

ఆమె రోజూ తంగేడు పూలు కోసుకొచ్చి బండ మీద పరిచేది. తొండల్లో ఒక ముసలి ఆడది ఉంది. దాని ముక్కు చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుని ఉండేది. చలి మొదలవబోతుండగా, ఒక మధ్యాహ్నం, అది పూలు తినడం ఆపి సిద్ధమ్మ వైపు చూసింది. ఇసుక రాతి మీద జారినట్టున్న గొంతుతో మాట్లాడింది.

"మీ అన్న మా వాళ్ళను చావనివ్వలేదు. అందుకే చచ్చారు."

సిద్ధమ్మ కదలకుండా వింది.

"చలి వస్తోంది. మమ్మల్ని చావనివ్వు. లాగొద్దు, వెచ్చచేయొద్దు, తవ్వి చూడొద్దు."

"మళ్ళీ వస్తారా?" అని అడిగింది సిద్ధమ్మ.

"వచ్చేదాకా నీకు తెలియదు. మాకూ తెలియదు."

సిద్ధమ్మ మాట ఇచ్చింది. తొండలన్నీ పగుళ్ళలోకి పోయాయి. ఆమె పెట్టిన పూలు పెట్టినచోటే వాడిపోయాయి. కొన్నాళ్ళు బండకు చెవి ఆనిస్తే లోపల ఊపిరి వినిపించేది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య చాలా ఎడం. కాపలావాళ్ళు ఆ బండ పక్కనుంచి నడవడం మానేశారు. ధైర్యం తెచ్చుకోవడానికి దూరం నుంచి హాస్యమాడేవారు.

"ఏం సిద్ధక్కా, రాళ్ళను మేపుతున్నావా?"

"రాళ్ళే నయం నాయనా, అడ్డమైన మాటలు అడగవు" అనేది ఆమె.

మొదట కోట సేనను నడిపే దళవాయి రంగప్ప వచ్చాడు. రాజుగారికి ఒక తొండనైనా చూపించి మెప్పు పొందాలని ఆయన ఆశ. సిద్ధమ్మ వద్దంటున్నా వినకుండా మోచేతి దాకా పగుల్లో చేయి పెట్టి, దొరికిన తోకను లాగాడు. లోపలిది ఉబ్బింది. చేయి రాతికీ దాని ఒంటికీ మధ్య ఇరుక్కుంది. లాగినకొద్దీ బిగిసింది. ఆయన తిట్టాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు.

"లాగకండయ్యా. మీరు భయపడుతున్నంతసేపూ అదీ భయపడుతుంది" అంది సిద్ధమ్మ.

ఆయన లాగడం మానేశాడు. చాలాసేపటికి ఆ పట్టు సడలింది. బయటికి తీసిన చేయి మంచులా చల్లగా ఉంది. దాని మీద పొలుసుల అచ్చు పడింది. ఆ అచ్చు ఇక పోలేదు. దళవాయి ఆ చేతికి గుడ్డ చుట్టుకుని తిరిగేవాడు.

చలి ముదిరాక రాజు వచ్చాడు. స్వయంగా బండకు చెవి ఆనించాడు. ఈసారి ఊపిరి లేదు, ఏమీ లేదు.

"బతికున్నాయా?" అని అడిగాడు.

"తెలియదు దొరా."

"చచ్చాయా?"

"అదీ తెలియదు."

"మరి నీకు తెలిసిందేమిటి?"

"తీసి చూస్తే చస్తాయని తెలుసు. పోయినేడు చూశాం గదా."

రాజు ముఖం నల్లబడింది. తొలకరి పడేలోపు ఒక్క పిల్లనైనా చూపించకపోతే, ఓబన్న ఉన్న కొట్టుకు తలుపు తీసేసి గోడ కట్టిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

మూడోసారి ఎవరూ రాలేదు. గొంతు వచ్చింది. సిద్ధమ్మ బండ పక్కన కూర్చుని ఉండగా, రాతి లోపలి నుంచి ఎవరో ఆమెను పేరుపెట్టి పిలిచారు.

"సిద్ధీ, కుంపటి వెలిగించు."

అది తన అన్న గొంతు. పగులు వెంట కింది కొట్లోంచి పైకి వస్తోంది. గోడ మాట కాపలావాళ్ళు అతనికి చెప్పారు. ఒక్క తొండ కదిలినా రాజు మనసు మారుతుందేమోనని, వెలిగించమని అడుగుతున్నాడు. సిద్ధమ్మ బొగ్గుల గంప దగ్గరికి జరుపుకుంది. చేతులు దాని మీదే ఉంచి చాలాసేపు కూర్చుంది.

"అన్నా, పోయినేడు నువ్వు వెలిగించావు" అంది.

రాతిలోంచి చాలా మెల్లగా, "అవును. వెలిగించొద్దు" అని వినిపించింది.

ఆ తరవాత ఎండలు వచ్చాయి. ఒక పొద్దున బండ మీద ఒక తల కనిపించింది. తరవాత ఇంకొకటి. ఒళ్ళంతా దుమ్ముతో, పాతిపెట్టిన చోటు నుంచి లేచి వచ్చినట్టుగా తొండలు బయటికి వచ్చి ఎండకు పడుకున్నాయి. సిద్ధమ్మ ఏడ్చింది. రాజు చూసి సంతోషించాడు కానీ, పిల్లలెక్కడని అడిగాడు.

గుడ్లు పెడతాయని సిద్ధమ్మ ఇసుక పోసి ఉంచింది. దాన్ని ఏ తొండా తవ్వలేదు. వేసవి నడిమిలో ముసలి తొండ ఒళ్ళు బరువై, తిండి మానేసి, ఒకరోజు పగుల్లోకి దిగిపోయింది. మళ్ళీ పైకి రాలేదు.

సిద్ధమ్మ పగుల్లోకి వంగి అన్నను పిలిచింది. జవాబు లేదు. రోజూ పిలిచింది. ఏ రోజూ జవాబు లేదు. కాపలావాణ్ణి అడిగితే, కూటిముంత లోపలికి తోస్తే ఖాళీ ముంత బయటికి వస్తోందనీ, లోపల మాత్రం మనిషి ఉన్న అలికిడే లేదనీ చెప్పాడు. ముంత ఖాళీ చేస్తున్నదేమిటో చూడటానికి తనకు ధైర్యం చాలలేదన్నాడు.

తన అన్న బతికున్నాడో లేదో ఇప్పుడు ఆమెకు తెలియదు.

మబ్బులు పట్టాయి. పిల్ల ఒక్కటీ కనిపించలేదు. రాజు మాట తప్పే మనిషి కాడు. కొట్టు తలుపు ఊడదీసి, రాళ్ళు తెచ్చి గోడ మొదలుపెట్టారు. రాజు నిలబడి చూస్తున్నాడు. సిద్ధమ్మ పక్కనే ఉంది. గోడ నడుం ఎత్తుకు లేచింది. మేస్త్రీ ఇంకో రాయి పెట్టి సుత్తితో కొట్టాడు.

లోపలి చీకట్లోంచి ఒక గొంతు వచ్చింది.

"మోత చేయకండి. పగులుతున్నాయి."

సుత్తి ఆగింది. రాజు దివిటీ తెమ్మన్నాడు.

"దివిటీ వద్దు దొరా. లోపలికొచ్చి కూర్చోండి. కళ్ళు అలవాటు పడతాయి" అంది చీకటి.

రాజు ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత గోడ దాటి లోపలికి దిగి, ఇసుకలో కూర్చున్నాడు. సిద్ధమ్మ కూడా దిగింది. మెల్లగా ఓబన్న కనిపించాడు. మోకాళ్ళు ముడుచుకుని మూలకు ఆనుకుని ఉన్నాడు. అతని భుజానికీ గోడకూ మధ్య సాలీడు గూడు అల్లింది. అతని పాదాల ముందు, వెచ్చని ఇసుక మీద, ముసలి తొండ పడుకుని ఉంది.

అది పగులు వెంట దిగి వచ్చి అక్కడ గుడ్లు పెట్టింది. కాలు చాపితే ఇసుక కదులుతుందని ఓబన్న కాలు చాపలేదు, కూటిముంతకు చేయి మాత్రం చాచేవాడు. పలికితే పైవాళ్ళు వచ్చి తవ్వి చూస్తారని పలకలేదు. చెల్లెలు పిలిచిన ప్రతిసారీ పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు.

ఇసుక కదిలింది. తోక మీద పట్టీలున్న చిన్న ప్రాణి ఒకటి పైకి వచ్చింది. వెనకే ఇంకొకటి. మొదటిది తడుముకుంటూ వెళ్ళి రాజు అరచేతిలోకి ఎక్కింది. అలవాటు కొద్దీ రాజు వేళ్ళు ముడుచుకోబోయాయి. సగంలో ఆగాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. పిల్ల చేయి దాటి, గోడ ఎక్కి, పగుల్లో దూరిపోయింది.

"ఎక్కడికి పోయింది?" అని రాజు గుసగుసగా అడిగాడు.

"తెలియదు దొరా" అన్నారు అన్నా చెల్లెలూ ఒక్కసారే.

రాజు రెండో ప్రశ్న వేయలేదు. గోడ రాళ్ళు తీసేయమన్నాడు. మోత లేకుండా తీయమన్నాడు. ఓబన్న మాత్రం ఆఖరి పిల్ల పైకి ఎక్కేదాకా లేవలేదు. లేచాక అతనికి నడక రాలేదు. సిద్ధమ్మ ఒక భుజం పట్టింది. రెండో భుజం రాజు పట్టాడు.

ఆ ఏటి నుంచి చలికాలంలో మాచభూపాలుడు బండ దగ్గరికి వచ్చి, ఒక తంగేడు కొమ్మ పెట్టి, చెవి ఆనించకుండానే వెనక్కి వెళ్ళిపోయేవాడు. పూలు పెట్టినచోటే వాడిపోయేవి.

పిల్లలూ, ప్రాణమున్నదాన్ని సాకే చేతికి తిండి పెట్టడం ఎంత తెలియాలో, ముట్టకుండా ఊరుకోవడమూ అంతే తెలియాలి.