కుండలో ఒక్క రొయ్య

సాగరగిరి రాజుగారి విందుకు పడవకు వెయ్యి రొయ్యలు తెచ్చి తీరాలని రేవు అధికారి చండకేతుడు జాలరులకు హుకుం జారీ చేశాడు.

"ఇది గుడ్లు పెట్టే కాలం బాబూ. ఇప్పుడు ఒడ్డు వెంట వల ఈడిస్తే వచ్చే ఏడు ఒక్క రొయ్య దొరకదు" అని జాలరులు మొత్తుకున్నారు. తేకపోతే పడవలు లాక్కుంటానన్నాడు.

మర్నాడు మసేనమ్మ అనే జాలరి సభకు కుండ తెచ్చింది. అందులో ఈదుతున్నది ఒక్కటే రొయ్య.

"వెయ్యి ఏవే?" అని అరిచాడు చండకేతుడు.

"వీపు మీద పచ్చగీత చూడండి బాబూ, అదంతా గుడ్లే. మూడు లక్షలు తెచ్చాను."

రాజు నమ్మలేదు. వంటశాల నుంచి అలాంటి రొయ్యనే తెప్పించి కోయించాడు. ఆవగింజంత గుడ్ల ముద్దను నీళ్లలో కలిపి లెక్కపెడితే రెండు వందల గుడ్లు! అలాంటి ముద్దలు పదిహేను వందలు తేలాయి.

"అన్నీ బతుకుతాయా ఏంటి?" అని వెక్కిరించాడు చండకేతుడు.

"వందకు తొంభై తొమ్మిది చచ్చినా మూడు వేలు బాబూ. మీరడిగింది వెయ్యే కదా! కాకపోతే నాలుగు నెలలు సముద్రంలో ఉంచాలి."

రాజు సింహాసనం దిగాడు. కుండను రెండు చేతులా ఎత్తుకుని, చుక్క తొణక్కుండా సముద్రం దాకా తానే నడిచాడు.