చెయ్యి తీస్తే ఆగిపోయే మిషను

"చెడగొట్టింది మనమే అయితే, అది మళ్ళీ మునుపటిలా అవుతుందా గురువుగారూ?" అని సత్యవేణి వదిన అడిగింది.

కోటిలింగం గారు తన ముందున్న గోనెసంచిని కాస్త ఆవిడ వైపు జరిపారు. ఆయన తీరే అంత. గురువు కాకముందు కడియం వైపు మొక్కల తోటల్లో మందు కొట్టే మిషన్లూ, గడ్డి కోసే మిషన్లూ బాగుచేసేవారు. మఠానికి వచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే చేతిలో ఉన్న పనిని కాస్త వాళ్ళ ముందుకి జరుపుతారు, చూసుకోమన్నట్టు. ఆ రోజు గోనెసంచి మీద ఉన్నది భుజానికి తగిలించుకునే మఠం గడ్డి మిషను. పది రోజులుగా అది స్టార్టు కావడం లేదు. నేను ఆ పక్కనే మొక్కల సంచుల్లో మట్టి నింపుతున్నాను కాబట్టి ఇదంతా విన్నాను.

వదిన అడిగింది మిషను గురించి కాదని అక్కడ అందరికీ తెలుసు. ఆవిడ కూతురు కుసుమకి మూడేళ్ళ కిందట తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. అత్తవారు పుట్టింట దింపి వెళ్ళారు. అప్పట్నించీ వచ్చిన వాళ్ళల్లా ఒక మాట చెప్పారు. పిల్లని ఏడవనివ్వకండి అని ఒకరు, ఏడిస్తేనే తేలికపడుతుందని ఒకరు. బిడ్డకని కుట్టిన చొక్కాలు ఒకరు దాచేశారు, మరొకరు తెచ్చి ఒళ్ళో పెట్టారు. డాక్టరు మాత్రలు ఇచ్చాడు, కొన్నాళ్ళు వేశారు, మత్తుగా పడి ఉంటోందని ఎవరో అంటే మానేశారు. చివరికి ఒకరోజు వదినే విసిగిపోయి, "లోకంలో నీ ఒక్కదానికే పోయిందా? లే" అని జబ్బ పట్టుకుని లేపింది. ఆ పిల్ల లేచింది. లేచి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆనాటి నుంచి తనంతట తాను ఏ పనీ చెయ్యదు. టీ గ్లాసు చేతిలో పెట్టి, ఆ చేతి మీద వదిన చెయ్యి వేస్తే తాగుతుంది. వదిన చెయ్యి తీస్తే గ్లాసు అక్కడే ఆగిపోతుంది.

గురువుగారు కార్బొరేటర్ మూత విప్పి, పక్కనున్న రెండు చిన్న స్క్రూలు చూపించారు. పెట్రోలు ఎంత వెళ్ళాలో చెప్పేవి అవే.

"వీటి మీద ఎవరెవరు చెయ్యి పెట్టారు?" అని అడిగారు.

మఠంలో ఎవరి మొక్కల వరస వాళ్ళే చూసుకోవాలి, మిషను మాత్రం అందరిదీ. కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. జగ్గారావు బాబాయి ముందు బయటపడ్డాడు. "నేను అర చుట్టేనండి. పొగ ఎక్కువొస్తోందని."

"నేనూ అర చుట్టే. ఆయన తిప్పింది వెనక్కి తిప్పాను" అంది పూలు కట్టే వీరమణి.

"అందరూ అర చుట్టే తిప్పారు. అన్ని అరలూ కలిపితే రాజమండ్రి దాకా పోయి రావచ్చు" అన్నారు గురువుగారు.

బాబాయి నవ్వాడు. వదిన నవ్వలేదు.

"కడపట తిప్పింది నేను" అంది. "ఇటుగా పోతూ చూస్తే పెట్రోలు కారుతోంది గురువుగారూ. కుళాయి కారితే బిగిస్తాం కదా, అలాగే బిగించాను. అప్పటికే కారడం ఆగింది. ఇంకా తిరుగుతుందేమోనని ఇంకా బిగించాను. తిరిగింది కూడా."

 గురువుగారు ఆ స్క్రూని మెల్లగా వెనక్కి తిప్పి బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించారు. దాని మొన సూదిలా ఉండాలి. నొక్కుకుపోయి అంచు కట్టింది. అది ఆనే చిన్న రంధ్రం కూడా అరిగి వెడల్పయింది.

"దీన్ని లోపలికి తిప్పేటప్పుడు, ఆనిందని వేలికి తెలియగానే ఆపాలి" అన్నారు. "అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి. ఎంత చెడిన మిషనుకైనా అదే మొదలు."

"మరి ఇప్పుడు అలా చెయ్యండి" అంది వదిన.

"దేనికి ఆనించమంటావమ్మా? ఆనే చోటే పోయింది."

కొత్తది వేయిద్దామన్నాడు బాబాయి. ఈ కొలతది ఇప్పుడు రావడం లేదన్నారు గురువుగారు. పోనీ ఆగకుండా వేగం పెంచి వదిలేస్తే అని బాబాయి అంటే, అప్పుడు మనం కొయ్యడం ఆపినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది, ఎవరి కాలో తెగుతుంది అన్నారు. 

ఆయన స్క్రూని తిరిగి పెట్టి, మిషను దగ్గర చెవి పెట్టి వింటున్నట్టు తల వంచి, చాలాసేపు పావు చుట్టు అటూ పావు చుట్టు ఇటూ తిప్పారు. స్టార్టు చేసే తాడు లాగారు. ఆరుసార్లు లాగినా రాలేదు. ఏడోసారి పిడి మీద ఉన్న, వేగం పెంచే రేసు మీట సగం నొక్కి పట్టుకుని లాగారు. మిషను దగ్గి, ఉమ్మి, అందుకుంది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆయన మీట వదిలారు. ఆగిపోయింది. మళ్ళీ లాగారు, పట్టుకున్నంతసేపూ నడిచింది, వదలగానే ఆగిపోయింది.

"ఎండల్లో వేడెక్కాక సర్దుకుంటుందేమో" అంది వదిన. ఆ మాట అడుగుతున్నప్పుడు ఆవిడ మొహం చూడలేక నేను మట్టి వైపు చూశాను.

"సర్దుకోదు" అన్నారు ఆయన.

అంత సూటిగా చెబుతారని ఎవరమూ అనుకోలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురువుగారు ఆవిడని ఓదార్చలేదు. మిషను మళ్ళీ స్టార్టు చేసి, పట్టీ ఆవిడ భుజానికి తగిలించి, తన వేళ్ళ కింద నుంచి మీటని ఆవిడ వేళ్ళ కిందకి మార్చారు. మార్చేటప్పుడు ఒక్క క్షణం ఇంజను తగ్గింది గానీ ఆగలేదు.

వదిన వరసలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. మూడు నెలలుగా ఆవిడ అటు రాలేదు. ఇప్పుడు నడిచింది. వరస చివరి దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. అన్నాలకి పిలిచినా రాలేదు. మలుపు దగ్గర భుజం మార్చుకుందామనుకుని కూడా మీట వదలడానికి భయపడి అలాగే వంకరగా నడిచింది. గన్నేరు మొక్కల దగ్గరకొచ్చేసరికి పెట్రోలు అయిపోయి మిషను దానంతటదే ఆగిపోయింది. ఆవిడ వేళ్ళు మాత్రం ఇంకా మీట నొక్కే ఉన్నాయి.

అలాగే వచ్చి గురువుగారి ముందు నిలబడింది. ఆయన అప్పటికి చేతులు కడుక్కుంటున్నారు.

"ఎన్నాళ్ళు ఇలా పట్టుకోమంటారు?" అంది.

ఆయన కోసిన వరస వైపు చూశారు, ఇంకా కొయ్యని వరసల వైపు చూశారు. పెట్రోలు డబ్బా తీసి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టారు.

"బాగుచెయ్యడం అయిపోయిందమ్మా" అన్నారు. "ఇక పట్టుకోవడమే."