పాత చైను

బంగారయ్య మేస్త్రికి ఒక అలవాటుండేది. ఎవరేమి అడిగినా ముందు వాళ్ల చేతిలో పానా పెట్టేవాడు. జవాబు సంగతి తర్వాత. మాడుగుల దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేచోట ఆయన సైకిల్ షెడ్డు ఉండేది. పని నేర్చుకున్నవాళ్లంతా ఆయన్ని గురువుగారనే పిలిచేవారు. సైకిల్ మేస్త్రికి ఇంత మర్యాదా అని నవ్వేవాళ్లు నవ్వారు. కొండ మీద సైకిలు మొరాయించిన రోజున మాత్రం వాళ్లూ నోరు మూసుకుని ఆయన గుమ్మంలోకే వచ్చారు.

ఆ శిష్యుల్లో దమయంతి ఒకతె. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. భర్త జోగిరాజు జ్వరంతో పోయి మూడేళ్లయింది. గేర్ల సైకిలు మీద రోజూ కొండెక్కి దిగడం అతని పిచ్చి. అతను పోయాక ఆ సైకిలును తుడుచుకుంటూ, విప్పుకుంటూనే ఆమె ఈ పనిలోకి వచ్చింది. ఇప్పుడు పై ఊరి బడిలో పంతులు లోకనాథం ఆమెను పెళ్లి చేసుకుంటానని కబురు పెట్టాడు. మంచివాడు, ఆమెకూ ఇష్టమే. ఆదివారంలోగా ఏదో ఒక మాట చెప్పాలి. పిన్ని మాత్రం ఒకటే పోరు పెడుతోంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక జోగిరాజు పేరు నోట రాకూడదట, అతని ఊసే తలవకూడదట. పదిహేనేళ్ల కాపురాన్ని అలా కడిగేసుకోవడం దమయంతి వల్ల కాదు. కడుక్కోకుండా వెళ్తే ఆ మంచివాడికి అన్యాయం చేసినట్టే అనిపించింది. ఇక వద్దని చెప్పేద్దామనుకుని, మనసు ఊరుకోక, గురువుగారి దగ్గరికి వచ్చింది.

"గురువుగారూ, పాతది మనసులో ఎట్టుకుని కొత్తింటికి ఎల్లొచ్చా?"

బంగారయ్య లేచాడు. స్టూలెక్కి, షెడ్డు దూలానికి వేలాడుతున్న ఆకుపచ్చ ఫ్రేమొకటి దించాడు.

"మీ జోగిరాజు సైకిలు ఫ్రేము ఇరిగిపోయి ఆర్నెల్లయినాది. ఆ సామానంతా ఇప్పి దీని మీద కట్టు. కొండెక్కి రా. అప్పుడు మాటాడదాం."

రెండు రోజులు పట్టింది. విరిగిన ఫ్రేము నుంచి ఒక్కొక్కటే విప్పింది. హ్యాండిలు పిడి మీద అతని బొటనవేలు అరగదీసిన పల్లం అలాగే ఉంది. సీటు ఎడమవైపుకు కాస్త నలిగింది, అతను కూర్చునే తీరే అంత. చక్రాలకు పుల్ల పుల్లా బిగించి వంకర తీసింది. బ్రేకులు, గేర్లు, పెడళ్లు అన్నీ కొత్త ఫ్రేములో తమ చోటు తాము వెతుక్కున్నట్టు కూర్చున్నాయి. ఇన్ని ముక్కలు మళ్లీ సైకిలవుతాయా అనుకున్నది కాస్తా కళ్లముందే నిలబడుతుంటే, తన చేతుల్ని తనే వింతగా చూసుకుంది.

చివరికి చైను దగ్గర ఆగింది. స్కేలు పెట్టి చూస్తే అడుగుకు నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సాగిపోయింది. కనీసం ఇదైనా కొత్తది వేద్దామనుకుంది. పాతదాన్ని తుక్కు డబ్బాలో పడేసి కొత్త చైను ఎక్కించింది. పక్కనే టీ తాగుతున్న బంగారయ్య చూశాడు. టీ తాగుతూనే ఉన్నాడు.

పొద్దున్నే బయల్దేరింది. చదునులో సైకిలు బాగానే పోయింది. మూడో మలుపులో ఎత్తు మొదలైంది. లేచి నిలబడి పెడలు మీద బరువు వేసేసరికి టక్కుమని చైను పళ్ల మీంచి జారింది. మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. మళ్లీ తొక్కింది, మళ్లీ జారింది. గేరు మార్చి చూసినా అదే వరస. కుంటుకుంటూ, సైకిలు నడిపించుకుంటూ దిగి వచ్చింది.

"ఈ పాత సామాను ఆ ఫ్రేముకి అతకదండీ," అంది. ఏడుపొక్కటే తక్కువ. "నానప్పుడే అనుకున్నాను."

బంగారయ్య ఒక రేకుడబ్బా ముందుకు జరిపాడు. అందులో కిరసనాయిల్లో మునిగి, మట్టంతా వదిలి తళతళలాడుతోంది ఆ పాత చైను.

"ఇది ఎయ్యి."

"సాగిపోనాది కదండీ."

"ఎయ్యి, తల్లీ."

వేసింది. మళ్లీ అదే మూడో మలుపు. ఊపిరి బిగబట్టి పెడలు మీద లేచింది. చైను కదల్లేదు, చప్పుడైనా చెయ్యలేదు. నాలుగో మలుపు, అయిదో మలుపు. కాఫీ తోటలు కిందికి జారిపోయాయి, మిరియాల తీగలు చుట్టుకున్న చెట్ల మధ్యకు మబ్బు దిగింది. ఈ కొండ ముఖం ఎన్నడూ చూడని ఫ్రేము, కొండంతా ఎరిగిన సామానును మోసుకుంటూ పైకి పోతోంది. దమయంతికి ఒళ్లు గగుర్పొడిచింది. కొండమీదికి చేరి సైకిలు దిగాక చాలాసేపు దాని మీద చెయ్యి తియ్యలేకపోయింది. ఈ లోకంలో ఇంత పొందిక ఎక్కడ దాగుందా అని ఆశ్చర్యపడింది, కరువుదీరా ఏడ్చింది కూడా.

దిగి వచ్చాక బంగారయ్య వెనక చక్రం పళ్లు చూపించాడు. ఒక్కో పన్నూ ఒకవైపుకు అరిగి వాలి ఉంది.

"సాగిన చైనుకి అరిగిన పన్ను. ఒకే కొండ మీద, ఒకే మనిషి కింద రెండూ కలిసి అరిగినయ్యి. ఇడదీసేవు కాబట్టే జారింది."

దమయంతి ఆ పళ్లను వేలితో తడిమింది. తలెత్తి అడిగింది.

"మరి లోకనాథంగారికి ఏటి సెప్పమంటారు?"

బంగారయ్య చేతులు తుడుచుకుని, ఆకుపచ్చ ఫ్రేము మీద వేలితో టింగుమని కొట్టాడు.

"ఇంత పాత సామాను మోసుకుని కొండెక్కినాది గదా. ఇది నిన్నేటైనా అన్నాదా?"