జీమూతం అనే పేరు జీడివలసలో ఎలా పుట్టిందంటే

జీడివలసలో గుమ్మడివారి నడిమింటి గోడ మీద ఇంత లావు అక్షరాలతో రాసుంటుంది: ‘ఈ ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే.’ అంత గొప్ప మాట వీధి గోడ మీద రాయించుకోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, పోలయ్య నవ్వేవాడు. “బాగున్నాది. దారినపోయేవోళ్ళు సదివీసి మా తెలివి పట్టుకుపోతే?”

పోలయ్య ఇంటికి పెద్ద. ఆయన భార్య గున్నమ్మ. పెద్దకొడుకు తవిటయ్య, చిన్నకొడుకు పకీరు, తవిటయ్య పెళ్ళాం నరసాయమ్మ. ఐదుగురూ ఐదుగురే. ఒకరికి తెలివి తక్కువైనప్పుడు మిగిలిన నలుగురూ సర్దేవాళ్ళు, అందుకే ఆ ఇంట్లో ఎప్పుడూ సమానంగా ఉండేది.

నరసాయమ్మకి మగపిల్లాడు పుట్టాడు. అందరూ సంబరపడ్డారు గానీ తవిటయ్యకి మాత్రం బెంగ పట్టుకుంది. ఎందుకంటే ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తరవాతివాణ్ణి చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్ళ చేతికిస్తారు. చేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంటారు. తవుడిచ్చి కొన్నారు కాబట్టి తవిటయ్య అంటారు. ఆ లెక్కన జీడివలసలో పంతొమ్మిది మంది తవిటయ్యలు. ఎవరైనా “ఒరే తవిటయ్యా” అంటే పంతొమ్మిది తలలు తిరిగేవి. మనవాడి పెళ్ళిలో, పెళ్ళికొడుకు తవిటయ్యని తీసుకురండి అనగానే ఐదుగురు వచ్చి పీటల దగ్గర వరసగా నిలబడ్డారు. మనవాడు నాలుగోవాడు. “ఆ సెవులు పెద్దోడు” అని నరసాయమ్మ వేలు పెట్టి చూపిస్తే గానీ తాళి కట్టనివ్వలేదు.

“నా కొడుక్కి ఆ బాధ వొద్దు” అన్నాడు తవిటయ్య, కళ్ళనీళ్ళు పెట్టుకుని. “నాను పిలిస్తే ఆడొక్కడే తిరగాల. ఎవులికీ లేని పేరు పెట్టాల.”

బారసాల ఇరవై ఒకటో రోజున. అంతలోగా పేరు కావాలి. అంతే, ఇల్లంతా కదిలి పక్కఊరి పంతులుగారి దగ్గరికి వెళ్ళింది.

పంతులుగారు కాసేపు ఆలోచించి, “జీమూతం అని పెట్టండి. ఎక్కడా వినపడని పేరు” అన్నారు.

“ఎక్కడిదండీ ఈ పేరు?” అడిగాడు పోలయ్య.

“మబ్బు నుంచి వచ్చింది నాయనా. జీమూతమంటే మబ్బు.”

ఐదుగురూ తలలెత్తి ఆకాశం వంక చూశారు. “ఏ మబ్బండీ? ఆ కొసనున్న నల్లదా?” అంది గున్నమ్మ. “వొచ్చినప్పుడు మీరు సూసినారా?” అన్నాడు పకీరు. పంతులుగారికి ఓపిక తగ్గింది.

“ఈ చుట్టుపక్కల ఆ పేరు ఎవరికీ లేదు. కావాలంటే కనుక్కోండి” అని లోపలికి వెళ్ళిపోయారు.

కనుక్కోమన్నారు కదా, ఇంకేముంది! తెల్లారకుండానే బయల్దేరారు. ఒక్క గడప వదల్లేదు. “మీ ఇంట్లో జీమూతం ఉన్నాడేటి?”

“లేడు. అదేం పేరు?”

“మబ్బు నుంచి వొచ్చినాది. శానా గొప్పది. ఎవులికీ లేదు.”

“అలాగా! బాగున్నాదే!”

సంతలో చేపలబుట్టల మధ్య నిలబడి తవిటయ్య గొంతు చించుకుని అడిగాడు. జీమూతం ఎవరూ లేరు. నాలుగు ఊళ్ళలో లేడు. తవిటయ్య మనసు చల్లబడింది. సరిగ్గా నాలుగో రోజున పక్క వీధిలో ఒకావిడకి కొడుకు పుట్టాడు. పేరేమిటని నరసాయమ్మ అడిగితే, ఆవిడ మురిసిపోతూ చెప్పింది, జీమూతం అని.

“మనం ఎవులినీ పెట్టుకోవద్దని సెప్పనేదు కదా. అదీ తప్పు” అన్నాడు పోలయ్య. అంతే, దండోరా వేయించారు. డప్పు మోగింది. “జీమూతం అనే పేరు గుమ్మడివారిదహో! ఇంకెవరూ పెట్టుకోకూడదహో! జీమూతం! జీమూతం!” రోజుకి రెండుసార్లు, మూడు రోజులు, ఏడు ఊళ్ళు. పొలంలో ఉన్నవాళ్ళు, బావి దగ్గరున్నవాళ్ళు, చెవుడున్నవాళ్ళు కూడా విన్నారు. పెట్టుకోకూడదంటే ఎంత గొప్ప పేరో అనుకున్నారు. వారం తిరక్కుండా పదకొండు మంది పసిపిల్లలకీ, రెండు దూడలకీ, ఒక పందెంకోడికీ జీమూతమని పేరు. సంత దగ్గర జీమూతం టీకొట్టు వెలిసింది. పంతొమ్మిది మంది తవిటయ్యల్లో ఆరుగురు, మాకూ ఈ తవుడు గోల వొద్దని జీమూతాలైపోయారు.

“మిగిలింది కొంచెమే, అదైనా కాపాడాల” అన్నాడు పకీరు. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు, ఎవరూ తీసుకోకుండా ఆ పేరు తనే పెట్టేసుకున్నాడు. “బారసాల నాడు ఇచ్చీస్తాన్రా అన్నా, నీ కొడుక్కే” అన్నాడు. అన్నదమ్ములు కౌగిలించుకుని ఏడ్చారు. ఆ ప్రేమ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తిట్టబుద్ధి కాదు.

ఇరవయ్యో రోజున మళ్ళీ పంతులుగారి గుమ్మంలో ఐదుగురూ. ఆయన తల పట్టుకున్నారు. అప్పటికే ఆయన సొంత మనవడికి కూడా ఆయన కొడుకే జీమూతమని పెట్టేశాడు.

“నాకు తెలిసిన పేర్లు ఇక లేవు. మీరే ఏదో ఒకటి ఆలోచించుకోండి. నాకు కూడా చెప్పకండి. రేపు బిడ్డ చెవిలో చెప్పండి, మూడో కంటికి తెలియకూడదు!”

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నారు. బిడ్డవి రెండు కళ్ళు. చెప్పేవాడి కన్ను ఒక్కటి తెరిచున్నా అది మూడోదవుతుంది. అంతే, పోలయ్య కళ్ళకి గంతలు కట్టారు. మిగిలినవాళ్ళు పెరట్లోకి వెళ్ళి కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డారు. బారసాలకొచ్చిన చుట్టాలందరినీ కూడా అలాగే నిలబెట్టారు. పోలయ్య తనే ఒక పేరు ఆలోచించి, పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసి, తడుముకుంటూ వెళ్ళి మూడుసార్లు బిడ్డ చెవిలో చెప్పాడు. మొదటిసారి చెప్పింది తలగడ చెవిలో అని తెలిసి, మరోసారి చెప్పాడు. ఆ వెంటనే గున్నమ్మ కళ్ళు మూసుకునే వచ్చి బియ్యం ఎత్తి ఎసట్లో పోసేసింది. పేరంతా పరమాన్నమైపోయింది. అందరూ తిన్నారు. ఒక ఒత్తు సరిగ్గా ఉడకలేదన్నాడు పకీరు.

“ఏటయ్యా, నువ్వు మాటలాడితే ఆగవు. నీ నోట్లోంచి జారిపోద్ది. ఆ పేరు మర్సిపో” అంది గున్నమ్మ.

పోలయ్య అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా పట్టుదలగా మర్చిపోయాడు. జన్మలో ఆయన, పెళ్ళాం చెప్పిన పని చెప్పినట్టు చేసింది అదొక్కటే.

టీకాలు వేసే అమ్మాయి కార్డు పట్టుకొచ్చింది. “బాబు పేరేంటండీ?”

“ఆడికే తెలుసమ్మా, ఆడినే అడుగు” అంది నరసాయమ్మ.

అమ్మాయి బాబు వంక చూసింది. బాబు ఉమ్ము బుడగలు చేశాడు. “అదేనేమో, రాసుకో తల్లీ” అన్నాడు పోలయ్య. ఆ అమ్మాయి కార్డులో ఖాళీ వదిలేసి వెళ్ళిపోయింది.

నెలలు గడిచాయి. తవిటయ్యకి ఒకటే దిగులు. కన్నకొడుకుని పేరు పెట్టి పిలవలేడు. చప్పట్లు కొట్టి పిలుస్తాడు, చప్పట్లకి కోళ్ళొస్తాయి. ఉయ్యాల దగ్గర కూర్చుని బతిమాలేవాడు. “నాయినా, నీ పేరు నాకొక్కడికీ సెప్పరా. నానెవులికీ సెప్పను, నీమీదొట్టు.” పిల్లవాడు బొటనవేలు నోట్లో పెట్టుకుని నవ్వేవాడు. గుట్టు బాగా దాస్తాడని ఇంటిల్లిపాదీ మెచ్చుకునేవాళ్ళు.

పదో నెలలో ఒక పొద్దున్న పిల్లవాడు పోలయ్య మీసం పట్టుకుని లాగి, స్పష్టంగా అన్నాడు.

“తాత!”

ఇంకేముంది! ఇల్లు ఎగిరి గంతేసింది. “సెప్పీసినాడు! పేరు సెప్పీసినాడు!”

“అదేనేటి మావా, నువ్వు సెవిలో సెప్పిన పేరు?” అడిగింది నరసాయమ్మ.

“నాను మర్సిపోయినానే కోడలా. అయినా ఎక్కడో విన్నట్టే ఉన్నాది” అన్నాడు పోలయ్య.

తవిటయ్య ఆగలేకపోయాడు. పది నెలల ఆశ. పిల్లవాణ్ణి వీధి అరుగు మీద కూర్చోబెట్టి, ఈ చివరికి పరిగెత్తుకొచ్చి, గుండెల నిండా ఊపిరి తీసుకుని పిలిచాడు.

“ఒరే తాతా!”

వీధిలో ఉన్న ముసలివాళ్ళందరూ తిరిగారు. చుట్ట కాలుస్తున్నవాడు తిరిగాడు. గొడ్లు తోలుకెళ్తున్నవాడు తిరిగాడు. మంచంలో ఉన్నాయన లేచి కూర్చుని “ఏటిరా?” అన్నాడు. పోలయ్య కూడా తిరిగాడు.

గున్నమ్మ నెత్తి కొట్టుకుంది. “అయ్యో అయ్యో! మళ్ళీ ఎవడో బయటపెట్టీసినాడు! ఈసారి ముసిలోళ్ళు కూడా పెట్టీసుకున్నారు!”

తవిటయ్య ముఖం పాలిపోయింది. తన కొడుకూ గుంపులో పడ్డాడు, తన బతుకే వాడికీ వచ్చింది. బిక్కమొహంతో అరుగు వైపు చూశాడు. అక్కడ పిల్లవాడు ఇటు తిరగనే లేదు. వీపు ఇటు పెట్టి, గోడ మీద పాకే చీమని వేలితో పొడుస్తున్నాడు.

తవిటయ్య కళ్ళు మెరిశాయి.

“ఆగండి! ఊరంతా తిరిగినాది. తిరగనోడు ఒక్కడే!” అంటూ పరిగెత్తి వెళ్ళి పిల్లవాణ్ణి ఎత్తుకుని గుండెలకి హత్తుకున్నాడు. “ఈడే నా కొడుకు! ఇంక ఏ సంతలోనైనా తప్పిపోడు!”