సామ్రాజ్యం జాగా

వీరరాఘవులు మాస్టారిని కోలాటం గురించి ఏం అడిగినా నోటివెంట జవాబు వచ్చేది కాదు. అడిగినవాళ్ళని కాసేపు ఎగాదిగా చూసి, ఏదో ఒక పనికి పూనుకునేవారు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. ఆ బృందానికి డోలక్ వాయించినవాణ్ణి కాబట్టి ఇలాంటివి నేను చాలా చూశాను. సామ్రాజ్యం అడిగిన ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబుని మాత్రం ఎక్కడికి వెళ్ళినా చెప్పుకుంటాను.

మా పల్నాటి వైపు కోలాటంలో సామ్రాజ్యం పేరున్న మనిషి. మిరపకోతల నుంచి వస్తూ ట్రాక్టరు తొట్టి దిగబోయి జారిపడి, కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది. పెద్దాసుపత్రిలో పిండికట్టు వేసి, చేతిని గుడ్డజోలెలో పెట్టి మెడకి తగిలించి, ఎముక అతికేదాకా దించొద్దన్నారు. ఇంటి దగ్గర ఆమె ఆ మాట తప్పలేదు. సాధనకి వచ్చినప్పుడు మాత్రం జోలె తీసి సంచిలో కుక్కి, పిండికట్టుని పైటచాటున దాచుకుని, కట్టులోంచి బయటికి కనిపించే వేళ్ళతోనే కోల పట్టుకునేది. కారణం మా బృందంలోని ఆచారం. ఆడలేనివాళ్ళు కోలలు తెచ్చి గురువు ముందు కింద పెడతారు. వరసలో చోటు కోసం కాచుకుని ఉన్నవాళ్ళలో ఒకరు వాటిని అందుకుంటారు. జాగా ఇక వాళ్ళదే. పురిటికని కోలలు పెట్టి వెళ్ళిన పిల్లలు కూడా తిరిగొచ్చి చప్పట్లు కొడుతూ కూర్చున్నారే గానీ ఆడింది లేదు. సామ్రాజ్యానికి పొలమూ లేదు, పుట్రా లేదు. నలుగురూ ఆమెని గౌరవంగా పేరుపెట్టి పిలిచేది ఆ జాగా వల్లే.

తిరునాళ్ళు దగ్గరపడ్డాయనగా ఒక సాయంత్రం ఆమె చేతిలోంచి కోల జారిపడింది. చూస్తే వేళ్ళు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. ఆట ఆగిపోయింది. ఆమె కోల తీసుకోలేదు. రెండోదాన్ని కూడా దాని పక్కనే పెట్టి, మాస్టారిని సూటిగా అడిగింది.

"కోలలు కింద పెట్టినోళ్ళు మళ్ళీ ఈ వరసలో నిలబడింది ఎప్పుడన్నా ఉందా మాస్టారూ?"

లేదని అక్కడున్న అందరికీ తెలుసు. మాస్టారు లేచారు. తిరునాళ్ళకని గంజి పెట్టించి దాచుకున్న ఎర్ర తలపాగా గుడ్డ తెప్పించి, కావలసినంత చించి, ముక్కోణంగా మడిచి తనే ఆమెకి జోలె కట్టారు. మోచెయ్యి మూలలో కుదురుకునేలా, అరచెయ్యి మోచేతికంటే కాస్త ఎత్తులో ఉండేలా, ముడి మెడ ఎముక మీద పడకుండా పక్కకి వచ్చేలా సర్దారు. వేలికి బిగుసుకుపోయిన ఉంగరాన్ని సబ్బునీళ్ళతో తీయించారు. పొద్దున్నే ఆసుపత్రిలో చూపించుకోమని, వేళ్ళని ఊరికే ఉంచకుండా ముడిచి విప్పుతుండమని చెప్పి, నా పక్కన కూర్చోబెట్టారు. ఈలోగా, కాచుకుని ఉన్న పద్మావతి కోలల కోసం వంగింది. మాస్టారు తల అడ్డంగా ఊపి, ఆ కోలలు తన చంకలో పెట్టుకుని, ఆ జాగా అలాగే వదిలేసి ఆట మొదలుపెట్టమన్నారు.

మొదటి చుట్టులోనే సామ్రాజ్యం జోడీ మంగతాయారు అలవాటుకొద్దీ కోల విసిరి, అవతల అందుకునే కోల లేక తూలిపడబోయింది. అందరూ నవ్వారు. నాకూ తాళం తప్పింది. రోజులు గడిచేకొద్దీ, ఆ చోటికి వచ్చిన ప్రతి మనిషీ కోల ఎత్తి, కొట్టకుండా ఆపి, ముందుకి సాగడం నేర్చుకుంది. కొట్టడంకంటే ఆపడమే కష్టంగా ఉందని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ నా పక్కన జోలె అంచు దగ్గర సామ్రాజ్యం వేళ్ళు ముడుచుకుని విచ్చుకునేవి. ముందూ కాదు, వెనకా కాదు, సరిగ్గా దెబ్బ పడాల్సిన చోట. వాపు దిగింది. జోలెని తనే ఒంటిచేత్తో ఉతుక్కుని, అది ఆరేదాకా ఆసుపత్రి గుడ్డ వేసుకునేది. పైటచాటు మానేసింది.

తిరునాళ్ళలో రథం ముందు మా ఆట మొదలైంది. ఉత్సవ కమిటీ పెద్ద చెన్నకేశవులుగారికి వరసలో వెలితి, తలపాగా లేని మాస్టారి తల రెండూ కంట్లో పడ్డాయి. దేవుడి ముందు వెలితిగా ఆడకూడదని, పక్కనున్న పద్మావతిని అక్కడ నిలబెట్టమని మాస్టారి చెవిలో గట్టిగానే చెప్పారు. సామ్రాజ్యం ఆ మాట విన్నది. తల దించలేదు. ఇస్త్రీ మడత నలగని ఎర్ర జోలెతో, పట్టుచీర కట్టుకుని, డోలక్ పక్కన నిటారుగా నిలబడింది. ఆ పూట ఆ మనిషి పక్కన వాయిస్తున్నందుకు నా ఛాతీ ఉప్పొంగింది.

ఆట ఖాళీ దగ్గరికి వచ్చింది. మంగతాయారు కోల గాల్లోకి లేచి ఆగింది. ఆ ఒక్క క్షణపు నిశ్శబ్దానికి జనం తలలు తిప్పి చూశారు. సామ్రాజ్యం వేళ్ళు విచ్చుకున్నాయి.

"ఆ జాగాలో మనిషేదయ్యా?" అన్నారు చెన్నకేశవులుగారు మళ్ళీ.

మాస్టారు ఆయన వైపు తిరగనైనా తిరగలేదు.

"ఉందండీ, ఆడుతోంది కూడా. చప్పుడు చెయ్యకుండా ఆడటం మా వాళ్ళందరిలో ఆమెకే వచ్చు."