పేరు తెచ్చినంకనే దరువు

భిక్షపతి కట్టిన పాట గురించి బస్తీలో అందరూ మాట్లాడుతున్నారు. అతను చెప్పేది మాత్రం ఒక్కరూ వినడం లేదు. అదీ అతని బాధ.

ఇరవై మూడేళ్లవాడు. రాళ్లగడ్డ బస్తీలో పుట్టి పెరిగాడు. ర్యాప్ కడతాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు స్టేజీ మీద పలకదని ‘బిక్స్’ అని కుదించుకున్నాడు. రెండు నెలల కిందట ‘జంగన్న గల్లీ’ అని ఒక పాట చేసి ఫోన్లలోకి వదిలాడు. అందులో జంగన్న అనే దాదా ఒక్కడే కత్తి పట్టి ఏడుగురిని గల్లీలో పడగొడతాడు. పాట మొత్తం ఆ పడగొట్టడమే. ఒక్కొక్కడు పడ్డప్పుడల్లా చావు దరువు మోగుతుంది. కంప్యూటర్లో చేసిన దరువే, అయినా వింటే ఒళ్లు జలదరిస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, పాట బాగుంటుంది.

బోనాల స్టేజీ మీద దాన్ని పాడనివ్వాలా వద్దా అని కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. పెట్టకుండా ఉన్నా పోయేది. రిటైరైన హెడ్మాస్టరు పరంధామం లేచి, ఇట్లాంటి పాటలు వినే పిల్లలు కత్తులు పడుతున్నారని గంటసేపు చెప్పాడు. కాలేజీలో పాఠాలు చెప్పే వసుంధర మేడం లేచి, ఇది బస్తీ గొంతు, మన పాత వీరగాథల్లో నరుక్కోవడాలు లేవా, వాటినేం చేస్తారు అని ఇంకో గంట అడిగింది. ఆయన ఈమె మాట వినలేదు, ఈమె ఆయన మాట వినలేదు. మధ్యలో కూర్చున్న భిక్షపతిని చూపించి ఒకరు ‘ఇట్లాంటివాళ్లు’ అంటారు, ఇంకొకరు ‘ఇట్లాంటివాళ్లు’ అంటారు. మూడు గంటలైనా ఏమీ తేలలేదు. సమోసాలు మాత్రం అయిపోయాయి.

అంతమంది అన్ని మాటలు మాట్లాడారు కదా, ఓదెలు ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

ఓదెలు భిక్షపతికి అన్న. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచింది అతనే. ఒకప్పుడు గల్లీ గ్యాంగులో తిరిగాడు, ఒక కొట్లాటలో జైలుకు పోయాడు. బయటికొచ్చి ఆరేళ్లయింది. పెళ్లి చేసుకుని, నీళ్ల ట్యాంకరు నడుపుకుంటూ, ఇద్దరు పిల్లలతో బుద్ధిగా ఉంటున్నాడు. జంగన్న అంటే ఓదెలే అని బస్తీలో అందరికీ తెలుసు. నిజానికి ఆ రోజు పడింది ఏడుగురు కాదు, ఒక్కడు. వాడూ బతికే ఉన్నాడు, కుడిచెయ్యి భుజం దాకా లేవదు, అంతే.

పాట బయటికొచ్చిన వారానికే పాత దోస్తులు ఓదెలు ఇంటి ముందు బండ్లు ఆపడం మొదలుపెట్టారు. జంగన్నా, జంగన్నా అని పిలుస్తున్నారు. ట్యాంకరు పని వారంలో రెండు రోజులు ఎగ్గొడుతున్నాడు. వదిన స్వరూప మూడు వారాలుగా మరిదితో మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది, కంచం ఠప్పున పెడుతుంది, లోపలికి పోతుంది. అన్నకు గౌరవం తెచ్చిపెడితే వదినకు ఈ కోపం ఎందుకో భిక్షపతికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు, ఆ మాటా చెప్పాలి.

మీటింగయిన మర్నాడు పొద్దున్నే అతను ఉప్పలయ్య ఇంటికి వెళ్లాడు.

ఉప్పలయ్య డప్పు గురువు. డెబ్బై దాటాయి. పెళ్లికీ చావుకీ జాతరకీ ఆయన దరువు లేనిదే ఆ చుట్టుపక్కల పని జరగదు. భిక్షపతి నాలుగేళ్లు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. అతనికి తాళం పట్టుబడిందంటే ఆ వాకిట్లోనే.

ఉప్పలయ్య వాకిట్లో కూర్చుని డప్పుకు తోలు వారు బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“నువ్వు గూడ సంతకం కోసమే వచ్చినవారా?”

“ఏం సంతకం తాతా?”

“పొద్దట్నించి నువ్వు మూడోటోనివి. పరంధామం సారు వచ్చి, ఈ పాట బందు జెయ్యాలని రాసిన కాయితం మీద పెట్టమన్నడు. ఆయన చాయ్ తాగి పోయిండో లేదో, మేడం వచ్చింది. పాడనియ్యాలని రాసిన కాయితం. ఆమెకూ చాయ్. ఇంట్ల పాలైపోయినయ్. నీకు చాయ్ లేదు.”

“నువ్వేమన్నవ్?”

“కండ్లద్దాలు కనబడ్తలేవన్న.” కండ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

భిక్షపతికి ఒళ్లు మండింది. ఈ ముసలాయన కూడా ఇంతేనా అనుకున్నాడు.

“తాతా, ఆదివారం స్టేజీ మీద నేను పాడాల్సిందే. పాటల కంపెనీ నుంచి మనిషి వస్తున్నడు. కంప్యూటర్ దెబ్బతోటి కాదు, నీ చేతి దరువు కావాలె. నువ్వు నా వెనక నిలబడి చావు దరువు కొడ్తే చాలు, ఇగ ఎవడూ నోరెత్తడు.”

“నేనా?”

“ఎందుకు కొట్టవ్? నువ్వు ఎంతమంది చావులకు కొట్టినవ్, నిన్నెవడన్న హంతకుడన్నడా? నన్నెందుకంటరు? నేను పట్టింది మైకు గాని కత్తి గాదు గద.”

ఉప్పలయ్య చేతిలో పని ఆపాడు. ఈ వాదన ఆయనకు నచ్చినట్టే కనిపించింది. తల ఊపాడు.

“కొడ్త. ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే కొడ్త. మంట పెట్టు.”

భిక్షపతి నమ్మలేకపోయాడు. గబగబా గడ్డి తెచ్చి మంట వేశాడు. ఉప్పలయ్య డప్పును సెగకు తిప్పి తిప్పి కాచాడు. చర్మం బిగిసి, వేలితో కొడితే ఖంగుమంది. భుజానికి తగిలించుకుని, డప్పు కొట్టే పుల్ల, చిర్ర, చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు.

“ఊఁ. పేర్లు జెప్పు.”

“ఏం పేర్లు?”

“మర్చిపోయినవా?”

మర్చిపోయే విషయం కాదు. ఉప్పలయ్య దగ్గర చేరినవాడికి మొదటి రెండేళ్లు డప్పు చేతికివ్వడు. చావు జరిగిన ఇంటికి ముందు పంపుతాడు. పోయినవాళ్ల పేరు, వయసు, ఇంట్లో ఎవరు మిగిలారు, ఈ మూడూ అడిగి తెచ్చుకోవాలి. అవి గురువు చెవిన పడ్డాకే డప్పుకు సెగ, ఆ తర్వాతే దరువు. ఎంత పెద్దింటి చావైనా, దిక్కులేని శవమైనా ఇదే పద్ధతి. భిక్షపతి అట్లా నలభై, యాభై గడపలకు పోయి నిలబడ్డాడు. పేరు తప్పు తెచ్చి ఒకసారి తిట్లు కూడా తిన్నాడు.

“తాతా, వాళ్లు పాటల మనుషులు. పేర్లుండవ్.”

“పేరు లేకుంటే నేను ఎవలికి కొట్టాలె?”

“ఊకె ఏడుగురు. పోటీ గ్యాంగోళ్లు.”

“ఊకె ఏడుగురికి నాకు కొట్టరాదు. నేర్చుకోలే. నాకొచ్చినట్టు కొట్టమంటవా, కంప్యూటర్ తోటే కొట్టించుకుంటవా?”

భిక్షపతి పళ్లు నూరుకున్నాడు. ఈయనతో వాదించడం కన్నా ఏవో ఏడు పేర్లు చెప్పేస్తే పోయె అనుకున్నాడు.

“సరే, రాసుకో. రమేశ్.”

“వయసు?”

“ఇరవై నాలుగు.”

“ఇంట్ల ఎవరు మిగిలిండ్రు?”

“ఎవరూ లేరు.”

“ఎవరూ లేకుంటే నన్ను పిలువొచ్చింది ఎవరురా? పీనుగే లేచి వచ్చిందా?”

“అబ్బ, అమ్మ ఉంది అనుకో.”

“ఏం జేస్తది?”

“ఇడ్లీ బండి.” నోటికొచ్చింది అన్నాడు. అంటుండగానే మార్కెట్ మూల మీద ఇడ్లీ బండి పెట్టుకునే సాయవ్వ మొహం గుర్తొచ్చింది. ఆమె కొడుకు పేరు కూడా రమేశే. వాడికి ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటాయి.

ఉప్పలయ్య కొట్టాడు. పాటలో పడ్డట్టు ఒక్క దెబ్బ కాదు. వాకిలి నుంచి శవం లేచే దరువు, మధ్యలో దించే దరువు, మట్టి వేసే దరువు, అన్నీ కొట్టాడు. పది నిమిషాలు పట్టింది. చెమట తుడుచుకుని చిర్ర ఎత్తి పట్టుకున్నాడు.

“రెండోది?”

“తాతా, ఏడుగురికీ ఇట్లనే కొడ్తవా?”

“ఒక్కొక్కడు ఒక్కొక్క చావు సచ్చిండు గద. కలిపి కొట్టుమంటవా?”

రెండోవాడు శంకర్, పెళ్లయి ఆరు నెలలు. మూడోవాడికి చూపు సరిగా ఆనని తండ్రి. భిక్షపతి ఎంత ఆలోచించి కొత్త మనుషుల్ని తయారుచేద్దామన్నా బస్తీ మనుషులే వచ్చి నిలబడుతున్నారు. అతనికి వేరే మనుషులు తెలియరు మరి. నాలుగోవాడి దగ్గరికి వచ్చేసరికి విసుగు తన్నుకొచ్చింది.

“ఇది పాట తాతా. ఉత్త పాట.”

“నేను గూడ పాటకే అడుగుతున్న. పేరు జెప్పు.”

ఐదోవాడి దరువు నడుస్తుండగా గేటు చప్పుడైంది. స్వరూప నిలబడి ఉంది. చేతులకు పిండి అట్లానే ఉంది. పరుగెత్తుకొచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు.

“ఎవరు పోయిండ్రు తాతా?”

ఉప్పలయ్య చిర్ర ఆపాడు. “ఎవరూ పోలే బిడ్డా. పాటల మనుషులకు కొడ్తున్న.”

ఆమె గేటు పట్టుకుని ఊపిరి తీసుకుంది. మరిది వైపు చూడలేదు. చూడకుండానే, ఉప్పలయ్యతోనే చెప్పింది.

“పొద్దుగాల ఎవరో ఇద్దరు బండి మీద వచ్చి మా ఆయనను తీస్కపోయిండ్రు. ఫోన్ ఎత్తుతలేడు. దరువు ఇనబడితే నేను...”

మాట పూర్తి చేయలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటే పిండి బుగ్గకు అంటింది. అది కూడా చూసుకోకుండా వెళ్లిపోయింది.

“వదినా,” అన్నాడు భిక్షపతి. వినబడేంత గట్టిగా అనలేదు.

ఉప్పలయ్య ఆమె వెళ్లినవైపు చూడనైనా లేదు. చల్లబడిన డప్పును మళ్లీ సెగ దగ్గరికి పట్టాడు. భిక్షపతి ఇక చాలు అంటాడేమోనని ఒక్క క్షణం ఆగినట్టున్నాడు. అతను అనలేదు. పంతం అంత తొందరగా పోతుందా? ఆరోది చెప్పాడు, వయసు చెప్పాడు, ఇంట్లో చెల్లె ఉందన్నాడు. ఏడోది చెప్పాడు. ఈసారి గురువు అడగకుండానే, “ఇద్దరన్నదమ్ములు,” అన్నాడు. “ఒకడు మిగిలిండు.”

ఏడో దరువు కూడా అయింది. ఉప్పలయ్య ఒళ్లంతా చెమటకు తడిసిపోయింది. అంత వయసులో అంతసేపు కొట్టడం మాటలా? అయినా డప్పు దించలేదు.

“ఎనిమిదోది?”

“ఏడుగురే తాతా. నా పాటల ఏడుగురే.”

“ఏడిండ్లల్ల అమ్మలున్నరు, అయ్యలున్నరు, తమ్ముండ్లున్నరని నువ్వే జెప్పినవ్ గదరా. వాళ్లంత ఊకుంటరా?”

భిక్షపతికి పేరు తెలుసు. వయసు ముప్ఫై ఒకటి. ఇంట్లో ఎవరు మిగులుతారో, వాళ్లలో ఎవరికి ఎన్నేళ్లో, వదిన చంకలోని చిన్నదానికి ఇంకా మాటలు రాలేదన్న సంగతితో సహా తెలుసు. ఈ ఒక్కదానికి మాత్రం ఏదీ కల్పించి చెప్పాల్సిన పని లేదు.

ఉప్పలయ్య డప్పును భుజం మీద సర్దుకున్నాడు. ఆయనకు కూడా విసుగొచ్చినట్టుంది.

“పేరు నాకు తెలుసు తీయ్,” అని చిర్ర ఎత్తాడు.

దరువు పడకముందే భిక్షపతి లేచి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.